ల్యాప్‌టాపునకు తేలికదనమొక్కటియే చాలునా?

పదియవ తరగతియు ఇంటర్మీడియేటును ముగిసి పిల్లలు పైచదువులకు బోవు దినములలో, ఏ ల్యాప్‌టాపు కొనవలయునని మమ్ము నడుగు తల్లిదండ్రులు పెక్కురు. వారు మొదట విచారించునది బరువు. అది తప్పని మేము చెప్పము. పుస్తకముల సంచితో బస్సులో నిలువబడి పోవు బాలికకు ఒక కిలోగ్రాము తగ్గుట గొప్ప మేలే. అయినను దుకాణములో నరచేతిపై నెత్తి చూచి, తేలికయని మురిసి, చీటీ పాడి తెచ్చిన సొమ్మును అప్పుడే చెల్లించుట వివేకము గాదు.

తేలికదనము ఊరక వచ్చునది కాదు. ఆపిల్ కంపెనీవారు 2015 వ సంవత్సరమున 12 అంగుళముల మాక్‌బుక్కును విడుదల చేసిరి. దాని బరువు 920 గ్రాములు మాత్రమే. అంత పలుచగా జేయుటకై మీటల క్రింద సీతాకోకచిలుక రెక్కలను బోలిన క్రొత్త కీలు నమర్చిరి. ధూళికణము దూరినను మీట బిగుసుకొనుటయో, యొకే యక్షరము రెండుమారులు పడుటయో సంభవించుచున్నదని కొన్నవారు మొఱపెట్టిరి. కొన్ననాటినుండి నాలుగేండ్లవఱకు ఆ మీటలను ఉచితముగా బాగుచేసెదమని 2018 జూనులో కంపెనీవారు ప్రకటించిరి. 2019 నవంబరునుండి పాతరీతి కీలునకే మరలసాగిరి. గొప్ప పేరు మన్నికకు హామీ కాదనుటకిది నిదర్శనము. అయితే బాగుచేయు నేర్పాటుండుటచేతనే కొన్నవారి సొమ్ము పూర్తిగా మునుగలేదనియు గ్రహింపవలయును.

‘సైనిక పరీక్షలలో నెగ్గినది’ యను ప్రకటనలను జూచి మోసపోవలదు. ఆ పరీక్షల నియమావళి అమెరికా సైన్యమువారిదే గాని, అందేవి జరుపవలయునో సాధారణముగా తయారుచేయువారే యెంచుకొందురు. ప్రశ్నలను తానే యేరుకొను విద్యార్థికి మార్కులు రాకేమి! అంతకంటె దుకాణములో మూతను ఒక మూలబట్టి యెత్తి చూచుట మేలు. అది మెలిపడినను, మీటల నడుమ వ్రేలితో నదిమినప్పుడు పలక కుంగినను, విద్యార్థి సంచిలో దాని గతి యేమగునో యూహించుకొనుడు.

ఇంతకంటె ముఖ్యమైనది మరమ్మతు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో సులభమైనది మన మండలములలో సులభము కాదు. వారెంటీ యొక సంవత్సరమని కాగితముపై నుండవచ్చును. కాని పనివాడు ఇంటికి వచ్చునా, లేక మనమే మోసికొని పోవలయునా? పడి పగిలినను, నీరొలికినను సామాన్యపు వారెంటీ వర్తింపదు. అందులకు వేఱుగ సొమ్ము కట్టవలయును. అమెరికాలోని బంధువులు తెచ్చియిచ్చువాని విషయమున మఱింత జాగ్రత్త వలయును, ఏలయన కొన్ని వారెంటీలు కొన్న దేశముననే చెల్లును. పాపము, బహుమానమిచ్చిన మేనమామను పిదప నిందించి ప్రయోజనమేమి?

మా మట్టుకు మేము, రెండువందల గ్రాములు హెచ్చైనను, గట్టి మూతయు, దగ్గరి పట్టణమున సర్వీసు సెంటరును గలదానినే కోరుదుము. పరీక్షలకు ముందు యంత్రము పదునైదు దినములు మరమ్మతులో నున్నచో సంచి తేలికగానే యుండును గాని చదువు సాగదు. కావున కొనుటకు ముందే కంపెనీవారి సహాయకేంద్రమునకు ఫోను చేసి, మన పిన్‌కోడునకు పనివాడు వచ్చునో రాడో యడుగుడు. ఎవరును పలుకకున్నచో, సొమ్ము చేతిలో నుండగనే ఆ సంగతి తెలిసినది గదా.