ఒక చిన్న గీత దగ్గర మోసం

నోవై బడులకు వేసవి సెలవులు రాగానే సగం ఇళ్లలో ఇండియా ప్రయాణం హడావుడే. విమానం టికెట్లకు పది చోట్ల ధరలు పోల్చి చూసే మనం, తిరుమల దర్శనం దగ్గరికొచ్చేసరికి గూగుల్‌లో మొదట కనబడింది నొక్కేస్తాం. దేవుడి పేరు మీద మోసమేమిటి అనుకుంటాం కాబోలు!

2023లో టీటీడీ ఫిర్యాదుతో కేసు నమోదైన ఒక నకిలీ వెబ్‌సైట్ అలాంటివాటిలో 41వది. అసలు చిరునామాలో చుక్కలున్న చోట అడ్డగీతలు పెట్టి, చివర 'ఆర్గ్' తగిలించారు. పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి పదకొండింటికి ఫోన్ చూసే కళ్లకు ఆ గీత ఆనుతుందా? అందుకే చిరునామా చివర 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూశాకే కార్డు తీయండి.

'మూడొందల టికెట్లు నా దగ్గరున్నాయి అక్కా' అని వాట్సాప్‌లో పలకరించేవాళ్లనూ నమ్మకండి. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డే కొండమీద చూపాలి, ఇంకొకరి టికెట్ మనకు పనికిరాదు.

అమెరికా పాస్‌పోర్టున్న పిల్లల ఈ-వీసాకూ ఇదే తంతు. ప్రభుత్వ వెబ్‌సైట్‌ను పోలినవి బోలెడు. అక్కడా చివర 'గవ్ డాట్ ఇన్' ఉండాల్సిందే.

జెల్‌లో పంపమంటే మాత్రం అక్కడితో ఆపేయండి, వెళ్లిన డబ్బు రాబట్టడం చాలా కష్టం. క్రెడిట్ కార్డయితే, ఆ ఖర్చు కనబడిన మొదటి బిల్లు పంపిన 60 రోజుల్లోగా బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. ఇండియాలో ఉన్నా సరే, బిల్లు ఫోన్‌లో చూస్తూ ఉండండి. తిరిగొచ్చాక చూద్దాంలే అంటే ఆ గడువు సగం అక్కడే అయిపోతుంది.