ఉప్పల్ పిల్లర్లకు పూచీ ఎవరిది?

ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ మీద వచ్చే వార్తలు రెండు ప్రశ్నల దగ్గరే తిరుగుతున్నాయి: పని ఎంత శాతం అయింది, ఎప్పటికి పూర్తవుతుంది? లాలాపేట్, నాచారం, హబ్సిగూడ నుంచి ఉప్పల్ రింగు దాటి వరంగల్ దారి పట్టేవాళ్ల విసుగు న్యాయమైనదే. కానీ ఆగి మొదలైన వంతెన గురించి శాతాలు చెప్పేది చాలా తక్కువ.

ఈ 6.2 కిలోమీటర్ల పనికి 2018లో శంకుస్థాపన జరిగింది, తర్వాత పని మధ్యలో ఆగిపోయింది. పైభాగం పడకుండా ఏళ్ల తరబడి నిలిచిన పిల్లరు, డిజైనర్ కాగితం మీద ఊహించిన స్థితిలో లేదు. పైకి పొడుచుకొచ్చిన చువ్వలు ఎండకూ వానకూ తుప్పు పడతాయి. పైపొర తుప్పయితే బ్రష్షుతో రాలుతుంది. గుంటలు పడ్డ చువ్వ సంగతి వేరు: మందం కొలవాలి, ముక్క కోసి లాగి పరీక్షించాలి, బలం చాలకపోతే కొంత కాంక్రీటు పగలగొట్టి కప్లర్‌తో కొత్త చువ్వ కలపాలి. ప్రీస్ట్రెస్ కేబుళ్లు వేసి గ్రౌట్ నింపకుండా వదిలేసిన చోటు ఎక్కడైనా ఉంటే, ఆ తుప్పు కంటికి కనబడదు కనుక భయం ఇంకా ఎక్కువ.

మధ్యలో ఆగిన కట్టడం ఏమవుతుందో పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర చూశాం. మానేరు మీద 2016లో మొదలైన వంతెన గర్డర్లు 2024 ఏప్రిల్ 22 రాత్రి గాలికి కూలాయి. అడ్డు దూలాలతో, పై స్లాబుతో కట్టిపడేయని గర్డరుకు పక్కకు ఒరిగే ముప్పు ఉంటుంది. ఆ దశ కొద్ది నెలలే అనుకుని లెక్క వేస్తాం, అది ఏళ్లకు సాగుతుంది.

పత్రికలు అసలు తాకనిది చట్టపరమైన చిక్కు. డిజైన్, సామగ్రి, నిర్మాణం కలిపి ఒకరికే అప్పగించే ఈపీసీ ఒప్పందంలో డిజైన్ బాధ్యత గుత్తేదారుదే. ప్రభుత్వం తరఫున పర్యవేక్షించే అథారిటీ ఇంజినీర్ డ్రాయింగులు చూసి సరేనన్నంత మాత్రాన ఆ బాధ్యత తొలగదు. మరి ఇక్కడ? మొదటి గుత్తేదారు సంస్థ 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దివాలా స్మృతి 14వ సెక్షన్ కింద మారటోరియం పడితే కంపెనీపై దావాలు, దాని ఆస్తులపై తాకట్టు హక్కుల అమలు ఆగుతాయి. పని సరిగా చేస్తానన్న హామీకి బ్యాంకు ఇచ్చే పెర్ఫార్మెన్స్ గ్యారంటీని మాత్రం అదే చట్టంలోని 3(31) సెక్షన్ తాకట్టు హక్కు నిర్వచనం నుంచి మినహాయించింది. కాబట్టి బ్యాంకు నుంచి ఆ డబ్బు రాబట్టుకునే దారి మూసుకుపోలేదు. అయితే డబ్బు వేరు, పూచీ వేరు. పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందాక అందులో చోటు దక్కని పాత క్లెయిములు రద్దయినట్టేనని ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. పదేళ్ల తర్వాత ఒక పునాదిలో లోపం బయటపడితే ఎవరిని నిలదీయాలి?

కొత్తగా పని తీసుకున్నవారు ‘నేను వేసిన పైభాగానికే నేను బాధ్యుణ్ని’ అంటే ఈ వంతెనకు రెండు సగాలు ఉంటాయి, యజమాని ఉండడు. బరువు దిగేది మాత్రం పైనుంచి కిందికే. పైగా కాంక్రీటు వంతెనల కోడ్ ఐఆర్‌సీ 112 ప్రస్తుత రూపం 2020లో వచ్చింది. 2018 నాటి డిజైన్ ఏ కోడ్ ప్రకారం సాగాలో ముందే రాతపూర్వకంగా తేలాలి.

పాత పిల్లర్ల పూచీ కూడా తీసుకోమంటే టెండరు ధర పెరుగుతుందని అధికారులు అంటారు. పెరగనివ్వాలి. ఆ ముప్పు ఖరీదు ఇప్పుడు కట్టకపోతే తర్వాత కట్టేది ఆ దారిన పోయేవాళ్లు. చివర్లో లోడ్ టెస్ట్ చేస్తాం కదా అన్న జవాబు కూడా చాలదు. లారీలు నిలబెట్టి వంపు కొలిచే ఆ పరీక్ష ఆ రోజు స్పాను ప్రవర్తనే చెబుతుంది, పిల్లరు లోపలి తుప్పు సంగతి చెప్పదు.

కేంద్ర రహదారుల శాఖ చేయాల్సింది స్పష్టం. ప్రతి పాత పిల్లరు నుంచీ కోర్ నమూనాలు, అల్ట్రాసోనిక్, తుప్పును పసిగట్టే హాఫ్‌సెల్ పరీక్షల ఫలితాలు పిల్లరు నంబరుతో సహా బహిరంగపరచాలి. పునాది నుంచి పైదాకా మొత్తం డిజైన్‌కు ఒకే ఇంజినీరింగ్ సంస్థ చేత సంతకం చేయించాలి. ఆ రెండూ జరగకుండా ఆ వంతెన మీదికి వాహనాలను అనుమతించకూడదు.