పాత గాలపు చక్రాలు – వాటి వెల, విలువ

నాణెములు, తపాలా బిళ్ళలు సేకరించే అభిరుచి మన విద్యార్థులకు పరిచితమే. కాని గాలపు కర్రకు బిగించి దారం చుట్టుకొనే చక్రాన్ని, అనగా ఇంగ్లీషువారు రీలు అని పిలిచే చిన్న యంత్రాన్ని, పురావస్తువు వలె పదిలపరచి వేల రూపాయలకు కొనేవారున్నారంటే కొందరికి వింతగా తోచవచ్చు.

ఈ విద్యలో గుర్తింపే ప్రధానం. ఇంగ్లండులోని ఆల్నిక్ పట్టణంలో 1872లో స్థాపితమైన హార్డీ సోదరుల సంస్థ 1891 నుండి ‘పర్‌ఫెక్ట్’ అనే చక్రాన్ని విక్రయించింది. బాల్ బేరింగుల మీద తిరగడం దాని ప్రత్యేకత. తొలినాటివి పూర్తిగా ఇత్తడివి. అల్యూమినియం మిశ్రమం తరువాత వచ్చింది. పిడి దంతముదా, పలకపై గాలపు కర్రను పట్టిన చేతి ముద్ర ఉన్నదా అని పరికించి నిపుణులు వయస్సు నిర్ణయిస్తారు. నాటింగ్‌హామ్ చక్రాలు వాల్‌నట్ కర్రతో చేసినవి. వెనుక నక్షత్రాకారపు ఇత్తడి పట్టీ ఉంటుంది. చుట్ట కదలక నిలిచియుండగా దారం మాత్రమే జారిపోయే పద్ధతికి ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంటు పొందారు.

ఇత్తడి కనబడగానే చింతపండుతో తోమడం మన ఇండ్లలో ఆచారం. సేకరణకర్తకు అంతకు మించిన దుఃఖం లేదు! కాలం పూసిన ఆ నల్లని పొర పోయిందా, వెలలో అధిక భాగం దానితోనే పోతుంది. మరలు మార్చినా అంతే.

హెన్రీ సల్లివన్ థామస్ అనే మదరాసు సివిలు ఉద్యోగి ఇండియాలో గాలపు వేటను గూర్చి 1873లోనే గ్రంథం ప్రచురించారు. మన ప్రాంతం ఆనాడు గంజాం, విశాఖపట్టణం జిల్లాల పేర ఆ రాజధానిలోనిదే. కనుక ఏ పాత బంగళా అటకమీదనో ఇట్టి చక్రం దొరికితే ఆశ్చర్యపడనక్కరలేదు. అయితే నూరేండ్లు నిండిన పురావస్తువును సొంతంగా విదేశాలకు పంపడాన్ని 1972 నాటి చట్టం నిషేధించిందని మరువరాదు.

నా అభిప్రాయంలో ఆ ఇత్తడి ముక్కకు అంత వెల రావడానికి కారణం దాని పనితనం మాత్రమే కాదు. హార్డీవారు తమ సరుకుల జాబితాలను అచ్చువేసి ఉంచారు. ఏ నమూనా ఏ సంవత్సరానిదో నేటికీ తెలుసుకోవచ్చు. జాబితా ఉన్నది కాబట్టి వెల ఉన్నది.

మన కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి తీరాల పనిముట్లకు ఆ భాగ్యం పట్టలేదు. తేలికైన దుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్ప, మేకు లేకుండా కొబ్బరిపీచు త్రాటితో పలకలు కుట్టిన పడవ, ఒడ్డున నిలిచి పలువురు లాగే అలివి వల – ఇవి ఏ చక్రానికి తీసిపోయిన నేర్పు? మదరాసు మత్స్యశాఖాధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920 దశకంలో కోరమాండల్ తీరపు వేట పద్ధతులను విపులంగా వ్రాశారు. పరదేశి వ్రాసినంత శ్రద్ధగా మనం వ్రాసుకోలేదు. నేడు ఫైబర్ తెప్పలకు ఇంజనులు బిగించి వేటకు పోతున్నారు. కర్ర తెప్పను కట్టగల చేతులు ఏటేటా తరిగిపోతున్నాయి. ఉర్దూలో కీమత్ వేరు, కద్ర్ వేరు. మొదటి మాటను కిమ్మత్తు అని తెలుగు చేసుకున్నాము గాని, రెండవదానిని ఎందుకో తెచ్చుకోలేదు.

మన కళాశాలకు తీర గ్రామాల నుండి వచ్చే విద్యార్థులున్నారు. కళాశాల సంఘంవారు ఒక బీరువా, కొన్ని దళసరి పుస్తకాలు సమకూర్చితే చాలు. ప్రతి పనిముట్టు గూర్చి దాని స్థానికమైన పేరు, ఏ కర్ర, ఏ నార, కట్టినవారెవరు, ఏ ఋతువులో, ఎంత లోతున, ఏ చేపకు వాడేవారు అన్నవి తాతలనడిగి ఈ వేసవి సెలవులలోనే వ్రాసి తేవచ్చు. పాత గాలం దొరికితే తోమకుండా తేవలెను.