ఎర్ర లైటు వెలిగితే అమ్మమ్మ ఎవరికి చెప్పాలి?

సెలవులకు ఇంటికి వెళ్లిన ప్రతిసారీ మాకు ఒక పని సిద్ధంగా ఉంటుంది. చేతిలో పెట్టె కింద పెట్టకముందే "ఒరేయ్, నెట్టు రావట్లేదు, చూడరా" అంటుంది అమ్మమ్మ. మేము బాక్సు స్విచ్ ఆపి, మళ్లీ వేసి, ఫోనులో ఏదో నొక్కి "వచ్చింది పో" అంటాం. వీధిలో గొప్పవాళ్లమైపోతాం. పది రోజులకు మేము హాస్టల్‌కు వచ్చేస్తాం. అక్కడ నెట్టు మళ్లీ పోతుంది. అప్పుడెవరు చూడాలి?

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. మనం చేస్తున్నది సాయం కాదు, పెత్తనం. మనకు అక్షరాలు రాని రోజుల్లో పంతులుగారు చెయ్యి పట్టుకుని దిద్దించారే గానీ, పలక లాక్కుని ఆయనే రాసెయ్యలేదు. మనం మాత్రం "నీకు తెలియదులే" అని ఫోను లాక్కుంటాం.

ప్రభుత్వం కూడా పెద్దవాళ్లను పక్కనే పెట్టింది. 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఇంటికొకరి చొప్పున 6 కోట్ల మందికి నేర్పాలనుకుంది. 2024 మార్చితో అది ముగిసింది. అందులో చేరడానికి వయసు 14 నుంచి 60 ఏళ్లు. అరవై దాటినవారు మొదటినుంచీ లెక్కలో లేరు. ఇంట్లో ఒకరు నేర్చుకుంటే మిగతావాళ్లకు చెబుతారనుకున్నారేమో. ఆ ఒకరం మనమే, మనమేమో హాస్టల్లో ఉంటాం!

నేర్పడం అంత కష్టం కాదు. చదువు రాకపోయినా రంగులు అందరికీ తెలుసు. ఫైబర్ బాక్సు మీద ఎల్.ఓ.ఎస్. అని ఒక లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలిగితే తప్పు ఫోనుది కాదు, వైఫైది కాదు. బయటి నుంచి రావలసిన వెలుతురు బాక్సుకు అందడం లేదని అర్థం. తీగ తెగి ఉండవచ్చు, బాగా మడత పడి ఉండవచ్చు. అది గాజు తీగ, కరెంటు వైరులా చుట్టి మేకుకు తగిలిస్తే ఊరుకోదు. అప్పుడు కేబుల్ అబ్బాయికి ఫోన్ చేయడమే. ఎరుపు లేకుంటే స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి వేసి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టమనాలి. అప్పటికీ రాకుంటే బిల్లు గడువు అయిపోయిందేమో చూడాలి. ఇనుప బీరువా వెనక దాచిన బాక్సును బయటికి తీసి పెట్టమనాలి. (దొంగలెత్తుకుపోతారని దాచేవాళ్లున్నారు, నవ్వకండి.)

బాక్సు వెనక పిన్ను పట్టేంత రంధ్రం ఉంటుంది. దాని జోలికి పోవద్దని ముందు మనకే చెప్పుకోవాలి. మాలో ఒకడు తెలివి ప్రదర్శించి అందులో పిన్ను పెట్టి నొక్కాడు. సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. నాలుగు రోజులు నెట్టు లేదు. గల్ఫ్‌లో ఉన్న బాబాయి ముఖం చూడకుండానే తాతయ్య ఆ శుక్రవారం గడిపాడు. ఒక్క మాట అనలేదు.

ఇంకో భయమూ ఉంది. "నెట్టు బాగు చేస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేసే మోసగాళ్లకు ఏమీ తెలియని ముసలివాళ్లే కావాలి. తన బాక్సు సంగతి తనకు తెలిసిన మనిషి అంత తేలిగ్గా నమ్మడు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని కూడా చెప్పాలి.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ అక్కలూ ఇంటికి డబ్బు పంపి కనెక్షన్ పెట్టించారు, సంతోషం. ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక గంట కూర్చోండి. చేతులు కట్టుకుని కూర్చోండి, వాళ్ల చేతే స్విచ్ వేయించండి. కేబుల్ అబ్బాయి నంబరు, బిల్లు తేదీ నోట్‌బుక్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బాక్సు పక్కన అతికించండి.

మొన్న మాలో ఒకరికి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. "ఎర్ర లైటు పడిందిరా. కేబులబ్బాయికి చెప్పేశా, రేపొస్తానన్నాడు. అది సరే గానీ, నువ్వు తిన్నావా?"