జతకు 40 రూపాయలా?

జూన్ 12న బడి తెరుస్తారు. మన నెల్లూరు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వైపు పట్టపుపాలేల్లో చేతిలో పైసా ఆడని రోజులవి. సరిగ్గా అప్పుడే సర్కారు బడి పిల్లలకు మూడు జతల యూనిఫాం గుడ్డ ఇస్తారు. గుడ్డకు డబ్బు కట్టనక్కర్లేదు, నిజమే. మరి కుట్టుకూలి? ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మూడు జతలకూ కలిపి ప్రభుత్వం ఇచ్చేది 120 రూపాయలు. తొమ్మిది, పది వాళ్లకు 240.

అంటే ఎనిమిదో తరగతి దాకా చొక్కా, నిక్కరు రెండూ కలిపి 40 రూపాయలు! ఈ లెక్క కట్టినవాళ్లు కుట్టుమిషను పక్కన ఒక్క పూటైనా కూర్చున్నారా? భుజం, ఛాతీ, నడుము కొలవాలి. సుద్దతో గీసి, గుడ్డ నిలువు పోగు చూసి కత్తెర వేయాలి. ఆ పోగు తప్పితే నిక్కరు కాలు మెలిపడుతుంది. కాలర్‌లో బకరం, జేబు, జిప్పు, కాజాలు, గుండీలు. అంచులకు ఓవర్‌లాక్ కొట్టకపోతే నాలుగు ఉతుకులకే పోగులు ఊడొస్తాయి. పిల్లాడు ఎదుగుతాడని మంచి దర్జీ అడుగున గుడ్డ వదిలి మడిచి కుడతాడు. ఏడాది తిరిగాక తల్లి ఆ కుట్టు విప్పి పొడుగు చేస్తుంది. ఇంత పనికి, దారం, గుండీలు, కరెంటుతో సహా, 40 రూపాయలు!

2020లో యూనిఫాం గుడ్డ ఇచ్చే విద్యాకానుక కిట్టు పథకం మొదలైనప్పుడూ జతకు 40 రూపాయలే. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, అంకె మాత్రం కదల్లేదు. ఇప్పుడు ఆ కిట్టుకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టారు. ఆ సర్వేపల్లి మా నెల్లూరు జిల్లా ఊరు. ఆ పేరున్న కిట్టు అందుకున్న పిల్లలే గుడ్డ కుట్టించుకోలేక నిరుడు వేసుకున్న బిగుతు చొక్కాతో బడికి పోతుంటే మాకు కడుపు మండదా?

తక్కువ పడిన డబ్బు తల్లి అప్పు తేవాలి. లేదంటే ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టే ఆడమనిషి, మన పాలెం పిల్లలే కదా అని, తన కూలి వదులుకోవాలి. ఇద్దరూ పేదవాళ్లే. వాళ్ల నెత్తిన ఈ భారం పడి ఇన్నేళ్లయినా ఎవరికీ పట్టలేదు.

వచ్చే జూన్‌కు ముందే దర్జీలను పిలిచి కూర్చోబెట్టండి. జత కుట్టడానికి ఎంతవుతుందో వాళ్లనే అడిగి జీవోలో రాయండి. ఆ డబ్బు గుడ్డతోపాటే తల్లి చేతికివ్వండి.