పొడవు సరే, వెడల్పు మాటేమిటి?

మన బూట్ల మీది నంబరు వెనక బార్లీ గింజ ఉంది. తెల్లదొరల కాలంలో వచ్చిన ఇంగ్లండు కొలతలో ఏడో నంబరుకూ ఎనిమిదో నంబరుకూ తేడా ఒక్క గింజ పొడవు. అంటే అంగుళంలో మూడో వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వెడల్పు చెప్పడానికి ఆ దేశంలో వేరే అక్షరాలున్నాయి. మన అంగళ్లకు మాత్రం అంకె ఒక్కటే వచ్చింది.

ఈ లోటు పట్నం పాదం కంటే మన్యం పాదానికే ఎక్కువ తగులుతుంది. భద్రాచలం మన్యంలోని దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ పల్లెల్లో ఇప్పపూలు ఏరడానికీ తునికాకు కోయడానికీ పెద్దల వెంట ఒట్టికాళ్లతో తిరిగి పెరిగిన పిల్లలున్నారు. అలా పెరిగిన పాదం వేళ్ల దగ్గర విచ్చుకుంటుంది. ఇది లోపం కాదు. చెప్పుల్లేకుండా నడిచే భారతీయుల పాదాలను పరిశీలించి 2009లో వెలువడిన అధ్యయనం, అవి వెడల్పుగా ఉంటాయనీ, ఒంటి బరువును అరికాలంతా సమంగా పంచుకుంటాయనీ తేల్చింది. కర్ణాటకలో ఇద్దరు వైద్యులు 2,300 మంది పిల్లల అడుగుజాడలు తీసి 1992లో ఫలితాలు ప్రచురించారు. చదును పాదాలు చెప్పులో బూట్లో తొడిగే పిల్లల్లో 8.6 శాతం మందికి, తొడగని వాళ్లలో 2.8 శాతం మందికే కనిపించాయి. ముందు మూసుకుపోయిన బూట్లు వేసుకునే వాళ్లలో ఆ సమస్య అన్నిటికన్నా ఎక్కువ.

అలాగని పిల్లల్ని ఒట్టికాళ్లతో వదిలేయమనడం లేదు. ముల్లు, పాము, నులిపురుగు, ఎండకు కాలే తారు రోడ్డు ఉన్నాయి. చెప్పు కావాలి, కాలికి సరిపోయేది కావాలి. గురుకులాల్లో బూట్లు ఇస్తున్నారు. భద్రాచలం పొలిమేర దాటితే వచ్చే ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, అక్కడి సర్కారు బడుల్లో 2020 నుంచి కిట్‌లో బూట్లూ సాక్సులూ వస్తున్నాయి. మంచి పనే. కానీ నంబరు చూసి ఇచ్చిన బూటు చిటికెన వేలి దగ్గర కరిస్తే పిల్ల దాన్ని మూలన పడేస్తుంది. మనమేమో "వీళ్లకు అలవాటు లేదు" అనేస్తాం. తప్పు అలవాటుది కాదు, కొలతది.

ఈ సంగతి దేశం గుర్తించింది కూడా. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. యూరప్, అమెరికా వాళ్లకంటే మన పాదాల ముందుభాగం వెడల్పని తేలింది. ఆ లెక్కల మీదనే 'భ' పేరుతో మన సొంత కొలత ప్రతిపాదించారు.

అది అడవి అంచుకు వచ్చేదాకా ఆగక్కర్లేదు. కాగితం, పెన్సిల్, దర్జీ టేపు చాలు. సాయంత్రం పూట కొలవాలి, అప్పటికి కాలు కాస్త ఉబ్బుతుంది. పిల్లను నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిల్ నిటారుగా పట్టి గీయాలి. మడమ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి కొస దాకా పొడవు, వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు, అక్కడే పాదం చుట్టుకొలత రాసుకోవాలి. పెద్ద పాదం ఏదో దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఊళ్లో చెప్పులు కుట్టిన మాదిగ పెద్దలు తోలు మీద కాలు పెట్టించి గీసింది ఇలాగే.

స్పర్శ పోయిన కాలికైతే ఈ గీత కూడా చాలదు. బరువు ఎక్కడ పడుతోందో చూడాలి. కుష్ఠు రోగుల అరికాలి పుళ్లకు అసలు కారణం నొప్పి తెలియని చోట పదేపదే పడే ఒత్తిడేనని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ నిరూపించారు. మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పులు ఆ బాటలో వచ్చినవే. ఇవాళ ఖమ్మంలో షుగర్‌తో కాలి స్పర్శ తగ్గినవాళ్లు వాటిని నంబరు చెప్పి కొనుక్కుంటున్నారు. చెప్పు కరిచిన సంగతి ఆ కాలు చెప్పదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

ఒక్కో పిల్లకు ఒక్కో అచ్చు ఎవరు చేస్తారని అధికారులు అడగొచ్చు. అంత అవసరం లేదు. ప్రతి నంబరులో రెండు మూడు వెడల్పులు ఉంటే చాలామందికి సరిపోతుంది. భద్రాచలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వచ్చే ఏటి బూట్ల టెండరులో పొడవు పక్కన వెడల్పుకూ ఒక గడి చేర్చాలి. ఆ గడి నింపకుండా, బూట్లు మూలన పడేసిన పిల్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు.