తుప్పు గురించి రాస్తే ఎవరు చదువుతారు?

బారిడీహ్‌లో మా ఎదురింటి పెద్దాయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగకాలమంతా గడిపి రిటైరయ్యారు. ఒకరోజు సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆపి, "బాబూ, మామూలు ఇనుము తుప్పు పడుతుందంటే అర్థముంది. స్టెయిన్‌లెస్ అని అంత డబ్బు పోసి కొన్న సింకుకి ఈ ఎర్ర మచ్చలేమిటి?" అని అడిగారు.

అప్పటికి నేను తెలుగులో సైన్సు వ్యాసాలు రాయడం మొదలుపెట్టి కొద్ది నెలలే అయింది. హిగ్స్ బోసాన్ మీద నెల రోజులు కష్టపడి ఒక వ్యాసం రాసి నెట్‌లో పెట్టాను. దాన్ని చదివినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం మంది మా బంధువులే, వాళ్ళయినా చివరిదాకా చదివారని నాకు నమ్మకం లేదు. "తెలుగువాళ్ళు సైన్సు చదవరండీ" అని నలుగురిలో నిట్టూర్చడం అప్పట్లో నాకు అలవాటుగా ఉండేది. ఇప్పటికీ చాలామంది రచయితలు ఆ మాట అంటుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్లకు పైగా ఉన్నారు. ఇంతమందిలో ఎవరికీ ఏ సందేహమూ రాదనుకోవడం కంటే, మనం రాసేదానికీ వాళ్ళ సందేహానికీ మధ్య ఎక్కడో దారి తెగిందనుకోవడమే సబబు. ఆ సంగతి నాకు తెలియజెప్పింది ఆ సింకే.

పెద్దాయనకు నోటితో చెప్పిన జవాబునే వ్యాసంగా రాశాను. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొరగా ఏర్పడుతుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. మన తలవెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్ల దాకా ఉంటుందంటే ఇది ఎంత పల్చనో ఊహించుకోవచ్చు. గీత పడినా ఆక్సిజన్ తగిలితే మళ్ళీ తనంత తనే పూడుకుంటుంది. దీని శత్రువు ఉప్పు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది, అక్కడ చిన్న చిన్న గుంటలు పడతాయి. మరో కారణం ఇంకా మామూలుది. ఇనుప పీచుతో తోమితే ఆ పీచు నలుసులు సింకు మీద ఉండిపోయి తుప్పు పడతాయి. అప్పుడు మచ్చ సింకుది కాదు, పీచుది. ఉప్పునీళ్ళు నిలవనివ్వకుండా కడిగి, పొడిగుడ్డతో తుడిస్తే చాలావరకు సరిపోతుంది.

ఈ వ్యాసానికి నేను పెట్టిన మొదటి శీర్షిక 'క్రోమియం ఆక్సైడ్ నిష్క్రియ పొర: ఒక పరిచయం'. హిగ్స్ బోసాన్‌కు పట్టిన గతే దీనికీ పట్టింది. కొన్ని వారాల తర్వాత లోపల ఒక్క అక్షరం మార్చకుండా శీర్షిక మాత్రం 'స్టీలు గిన్నెకి తుప్పు ఎందుకు పడుతుంది?' అని మార్చాను. అప్పటినుంచి జనం రావడం మొదలైంది. ఎక్కడెక్కడి వాళ్ళో, నాకు ముఖపరిచయం లేనివాళ్ళు. ఇప్పటికీ నేను రాసినవాటిలో ఎక్కువమంది వచ్చేది దానికే.

ఇందులో మాయేమీ లేదు. గూగుల్ లాంటి యంత్రం చేసే పని, పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదాన్ని మొత్తం నెట్‌కు తయారుచేసుకోవడం. ఏ మాట ఏ పేజీలో ఉందో ముందే రాసిపెట్టుకుంటుంది. మనం ఒక మాట అడిగితే ఆ పేజీలను వరుసపెట్టి చూపిస్తుంది. గిన్నె చేతిలో పట్టుకున్న మనిషి 'నిష్క్రియ పొర' అని టైపు చేయడు, 'తుప్పు' అని చేస్తాడు. చక్కెర ఎక్కువైందని డాక్టరు చెప్పగా విన్న మనిషి 'మధుమేహం' అని కాదు, 'షుగర్' అని వెతుకుతాడు. మనం పరిభాష మీద ప్రేమతో వ్యాసమంతా 'మధుమేహం' అనే రాసి ఎక్కడా 'షుగర్' అనకపోతే, ఆ మనిషికీ మనకీ మధ్య గోడ మనమే కట్టినట్టు. పరిభాష వద్దని కాదు. మొదట అతని మాటతో పలకరించి, రెండో పేరాలో మన మాటను పరిచయం చేయొచ్చు కదా అంటున్నాను. ఇనుముకు పట్టేది తుప్పు, రాగి ఇత్తళ్ళకు పట్టేది చిలుము అంటాం. కొన్ని ఇళ్ళలో రెండింటికీ చిలుమే. అందుకని నా వ్యాసంలో 'చిలుము' అన్న మాట కూడా ఒకచోట చేర్చాను.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. మన మాటలు విభక్తులు తగిలించుకుని రూపం మారిపోతాయి. గిన్నె, గిన్నెకి, గిన్నెలో, గిన్నెలన్నిటినీ: ఇవన్నీ ఒకటే మాట అని మనిషికి తెలిసినంత సులువుగా యంత్రానికి తెలియదు. నా అనుభవంలో ఇంగ్లీషుకు ఉన్నంత నేర్పు తెలుగు దగ్గర దానికి ఇంకా రాలేదు. కాబట్టి అసలు మాటను మొదటి రూపంలో కనీసం రెండుమూడు సార్లు రాయడం మంచిది. ఇంతకంటే పెద్ద నష్టం బొమ్మల వల్ల జరుగుతోంది. ఎంతో శ్రమపడి రాసిన విషయాన్ని రంగుల బొమ్మలో అక్షరాలుగా పేర్చి వాట్సాప్‌లో వదులుతాం. ఆ రోజు వందమంది చూస్తారు, మర్నాటికి అది ఎవరికీ దొరకదు. ఒకప్పుడు ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటు వాడిన రోజుల్లో రాసినవి కూడా ఇలాగే వెతుకులాటకు అందకుండా పోయాయి. యూనికోడ్ వచ్చాక ఆ బాధ తీరింది. తీరిన బాధను మనమే బొమ్మల రూపంలో మళ్ళీ తెచ్చిపెట్టుకుంటున్నాం.

హిగ్స్ బోసాన్ వ్యాసం ఎందుకు పోయిందో నాకు తర్వాత అర్థమైంది. జార్జ్ లోవెన్‌స్టైన్ అనే ఆర్థిక, మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో కుతూహలం గురించి ఒక సిద్ధాంతం చెప్పారు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనబడినప్పుడు కుతూహలం పుడుతుందని దాని సారం. అంటే ఎంతో కొంత ముందే తెలిసి ఉండాలి. ఏమీ తెలియని చోట ఖాళీ కూడా కనబడదు. సింకు గురించి పెద్దాయనకు చాలా తెలుసు, ఒక్క ముక్క తక్కువైంది, అంతే. హిగ్స్ బోసాన్ దగ్గర నేను మొదటి మెట్టు కట్టకుండానే మేడమీద నిలబడి పిలిచాను.

అలాంటి మెట్లు జంషెడ్‌పూర్‌లో ఎన్నో ఉన్నాయి. పాతకాలపు వాళ్ళెవరిని కదిపినా, రాత్రిపూట కరిగిన స్లాగ్ పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడడం గురించి చెబుతారు. స్లాగ్ అంటే ఏమిటి? ఖనిజంలోని మట్టి, ఇసుక వంటి మలినాలు సున్నపురాయితో కలిసి, కరిగిన ఇనుము మీద తేలే పదార్థం. సుమారు 1500 డిగ్రీల వేడి మీద ఉంటుంది కనుక మెరుస్తుంది. ఇనుముకన్నా తేలిక కనుక పైకి తేలుతుంది. దాన్ని నీళ్ళతో చటుక్కున చల్లార్చి, పొడిచేసి సిమెంటులో కలుపుతారు. ఒకప్పుడు ఆకాశాన్ని ఎర్రబరిచిన పదార్థమే ఇవాళ మన ఇంటి స్లాబులో ఉండొచ్చు. అలాగే సుబర్ణరేఖ నది ఇసుకలో బంగారు రేణువులు ఏరుకుని బతికేవాళ్ళున్నారు. ఇనుము, బంగారం బరువు వల్ల ఎలా వేరుపడతాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? కృష్ణబిలాల గురించి చెప్పడానికి ప్రపంచంలో బోలెడంత మంది ఉన్నారు. మన గుమ్మం ముందున్నదాని గురించి మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ఇక అసలు సంగతికి వస్తాను. తుప్పు వ్యాసానికి జనం వస్తున్నారని నేను సంబరపడుతున్న రోజుల్లో విజయనగరం నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒరే, స్టీలు గిన్నెలు విషమని రాశావట కదా. రెండు పెద్ద గిన్నెలు అటక ఎక్కించేశాను. కొత్తవి ఏం కొనమంటావు?" అంది. గుండె జారిపోయింది. ఎవరో నా వ్యాసంలోని రెండు పేరాలు తీసుకుని, ఇనుప పీచు సంగతి కత్తిరించేసి, పైన 'మీ వంటింట్లో విషం!' అని తగిలించి వాట్సాప్‌లో వదిలారు. నా వ్యాసానికి నెలల్లో వచ్చినవాళ్ళకంటే ఎక్కువమందికి అది ఒకటి రెండు రోజుల్లో చేరి ఉంటుందని నా అంచనా.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2018లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధనలో, 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించారు. 1,500 మందికి చేరడానికి నిజానికి అబద్ధం కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది. యంత్రఖాతాలను తీసేసి చూసినా ఫలితం మారలేదు. పంచుతున్నది మనుషులే, అబద్ధంలో కొత్తదనం ఎక్కువ కనుక పంచుతున్నారని పరిశోధకులు అన్నారు.

ఇది తెలిశాక రచయిత ముందు ఒక ప్రలోభం నిలబడుతుంది. నిజాన్నే రాసి, శీర్షిక మాత్రం కాస్త భయపెట్టేలా పెడితే తప్పేమిటి? లోపల నిజమే ఉంది కదా? ఈ వాదన నాతో కూడా కొందరు చేశారు. నేను ఒప్పుకోను. ఎక్కువమంది శీర్షిక చూసి ముందుకు వెళ్ళిపోతారు. వాళ్ళవరకు ఆ శీర్షికే వ్యాసం. 'విషమా?' అని ప్రశ్నార్థకం పెట్టినా మా పెద్దమ్మ గిన్నెలు అటక మీదకే పోతాయి. కుతూహలం రేపే శీర్షికకూ భయం రేపే శీర్షికకూ తేడా కనిపెట్టడానికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. వ్యాసం చదవకుండా శీర్షిక మాత్రమే చూసిన మనిషి ఇంటికెళ్ళి ఏం చేస్తాడు? ఏదైనా తప్పు పని చేసే అవకాశముంటే ఆ శీర్షిక మార్చేస్తాను.

పాఠకుల సంఖ్య చూసి మరీ కుంగిపోకూడదు, మరీ పొంగిపోకూడదు అనడానికి కూడా ఆధారం ఉంది. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన శాల్గానిక్, డాడ్స్, వాట్స్ ఒక ప్రయోగం చేశారు. పేరులేని బృందాల 48 పాటలను 14,000 మందికి పైగా వినిపించారు. కొందరికి ఇతరుల ఎంపిక చూపలేదు. మిగిలినవాళ్ళను ఎనిమిది విడి 'లోకాలు'గా చేసి, ఒక్కో లోకంలో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో ఆ లోకం వాళ్ళకు చూపించారు. ఒక లోకంలో పైకెక్కిన పాట మరో లోకంలో అడుగున పడింది. చాలా మంచి పాటలు పూర్తిగా మునగడం, చాలా చెడ్డవి గెలవడం అరుదు. మధ్యలోని వాటి గతి మాత్రం మొదట ఎవరు నొక్కారన్నదాని మీద ఆధారపడింది. నా తుప్పు వ్యాసం కూడా మరో లోకంలో మునిగిపోయి ఉండేదేమో. పైగా పేజీ తెరవడమూ చదవడమూ ఒకటి కావు. తెరిచినవాళ్ళ లెక్క యంత్రం చూపిస్తుంది. 'నువ్వు రాసినట్టు పీచు మార్చాను, మచ్చలు పోయాయి' అని చెప్పినవాళ్ళను నేను విడిగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఆ జాబితా చిన్నదే.

తెలుగులో ఈ పని మనతో మొదలు కాలేదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞానచంద్రికా మండలి పెట్టినప్పుడు చరిత్ర, సైన్సు పుస్తకాలకు ఎదురుచూస్తున్న పాఠకులెవరూ లేరు. పాఠకులను కూడా వాళ్ళే తయారుచేసుకున్నారు. నెట్ తెలుగు కొత్తగా విచ్చుకుంటున్న 2000ల మధ్యలో, అణుశాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు పరిణామం గురించి, మెదడు గురించి, సంగీతం గురించి తేటగా రాశారు. అప్పుడు లేఖిని వంటి సాధనాలతో తెలుగు టైపు చేయడం సులువైంది, కూడలి వంటి చోట కొత్త రాతలన్నీ ఒక్కచోట కనబడేవి. రాసేవాళ్ళంతా ఒకరినొకరు చదివేవాళ్ళు. ఆ ఆత్మీయత గొప్పది, కానీ ఆ వలయం దాటి గిన్నె పట్టుకున్న మనిషి దగ్గరకు చాలా రాతలు చేరలేదు. ఒకరి వ్యాసానికి ఇంకొకరు లంకె ఇవ్వడంలో మనకున్న పిసినారితనం కూడా ఇందుకు ఒక కారణమని నా అభిప్రాయం. 1998లో బ్రిన్, పేజ్ రూపొందించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో లంకె ఒక ఓటు. ఓటు వేయకుండా మనమే ఒకరినొకరం ఓడించుకుంటున్నాం.

బారిడీహ్‌లో ఇంకో చిక్కు ఉంది, అది తెలుగునాడు బయట ఎక్కడైనా ఉంటుంది. ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట్లో ధారాళంగా తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరాలు రావు. ఎదురింటి పెద్దాయన మనవరాలికి నా వ్యాసం చూపిస్తే, "అంకుల్, మీరే చదివి వినిపించండి" అంది. చదివి ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. అది ఆమె స్నేహితురాళ్ళకు, అక్కడినుంచి వాళ్ళ అమ్మమ్మలకు వెళ్ళింది. అప్పటినుంచి ప్రతి వ్యాసానికీ ఆరేడు నిమిషాల చదువు జతచేస్తున్నాను. గట్టిగా చదివినప్పుడు నాలుక తడబడిన వాక్యం ఎలాగూ మార్చాల్సిందే కనుక, రాతకూ అది మేలే చేసింది.

పెద్దమ్మ గిన్నెలు అటక దిగాయి. దించే ముందు వాయిస్ మెసేజ్ రెండుసార్లు విందట. పోయిన ఆదివారం మళ్ళీ ఫోన్ చేసి, చింతపండు పులుసు సత్తు గిన్నెలో కాస్తే గిన్నె లోపల తెల్లగా ఎందుకవుతుందని అడిగింది. వ్యాసం సగం రాశాను. 'సత్తు గిన్నెలో పులుసు కాయొచ్చా?' అన్న శీర్షిక అనుకున్నాను గానీ, అది చదివి ఆవిడ ఏం చేస్తుందోనని ఇంకా ఆలోచిస్తున్నాను.